ఒకదానికి మరుపు, ఇంకోదానికి ఆయాసం

మే నెల మొదట్లో రెండు పాత కంప్యూటర్లు ఒకే వారం నా బల్ల ఎక్కాయి. ఒకటి నిజామాబాద్ మార్కెట్ యార్డు దగ్గరి అడ్తి దుకాణంలోది. పెంటియం 4, ప్రెస్కాట్ రకం, వేగం 3.0 గిగాహెర్ట్జ్. పసుపు సీజనంతా ట్యాలీలో లెక్కలు రాసి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చిట్టీలు కొట్టిన యంత్రం. రెండోది బోధన్ శక్కర్‌నగర్ నుంచి వచ్చింది. ఏఎండీ వారి అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్, బార్టన్ రకం. ఒకప్పుడు దాని మీద ఆ ఇంటి కొడుకు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసేవాడట. అతను హైదరాబాద్ వెళ్లిపోయాక పెట్టె అటకెక్కింది. మనవడి సెలవులకని మొన్న దించారు.

రెండింటి మీదా ఒకటే ఫిర్యాదు: స్లో అయింది. రెండింటికీ ఎక్కడో ఒక దుకాణంలో వచ్చిన తీర్పూ ఒకటే: "ముసల్ది అయింది సార్. ఫార్మాట్ కొట్టి చూద్దాం, కాకుంటే కొత్తది తీస్కోండ్రి." ఈ తీర్పుతోనే నా పేచీ. ప్రాసెసర్ ఇరవై ఏళ్లు నడిచినంత మాత్రాన దాని వేగం అరిగిపోదు. అరగడానికి అందులో కదిలే భాగమే లేదు. బతికి ఉన్నంతకాలం అది రాసిపెట్టిన వేగంతోనే నడవగలదు. నడవడం లేదంటే దాన్ని ఎవరో ఆపుతున్నట్టు, లేదా అదే తనను తాను ఆపుకుంటున్నట్టు. ఈ రెండింటి మధ్య తేడా తెలియనివాళ్లు చేసేది మరమ్మతు కాదు, గుడ్డి వైద్యం.

అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

లెక్క ఎక్కడ తప్పింది

ప్రాసెసర్ వేగమంటే ఒక గుణకారం. మదర్‌బోర్డు ఇచ్చే మూల తాళం ఒకటి, దాన్ని ప్రాసెసర్ తన లోపల ఇన్ని రెట్లు చేసుకునే గుణకం ఒకటి. పెంటియానికి తాళం 200, గుణకం 15. హెచ్చిస్తే 3000 మెగాహెర్ట్జ్. అథ్లాన్‌కు తాళం 166, గుణకం 11. హెచ్చిస్తే సుమారు 1833. ఇవి కంపెనీ హామీ ఇచ్చిన అంకెలు. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిస్తే ఈ మూడూ కళ్లముందుంటాయి.

తెరిచి చూశాను. అథ్లాన్ దగ్గర గుణకం 11 సరిగానే ఉంది, తాళం మాత్రం 100. అంటే 1833 నడవాల్సింది 1100 దగ్గర కుంటుతోంది. పెంటియం దగ్గర అంకెలన్నీ సలక్షణంగా ఉన్నాయి: 200, 15, 3000. అయినా ఆ దుకాణం గుమాస్తా చెప్పింది అబద్ధం కాదు. పొద్దున షట్టర్ తీసినప్పుడు చకచకా లేచే ట్యాలీ, మధ్యాహ్నం రెండింటికి ఒక్క బిల్లుకు గుటకలు మింగుతోంది.

మొదటి తేడా ఇక్కడే. అథ్లాన్ తన తక్కువతనాన్ని తెర మీద ఒప్పుకుంటోంది. పెంటియం ఒప్పుకోదు. తెర మీద పూర్తి వేగం చూపిస్తూ లోపల సగం పని చేస్తోంది.

ఏ పరికరమూ లేకుండానే ఈ తేడాను పట్టుకోవచ్చు. ఒకే పనికి, అంటే ఒక పెద్ద ఫైలు జిప్ చేయడానికో, ఒక ఏడాది లెజర్ తీయడానికో, పొద్దున ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి గడియారం పెట్టి చూడాలి. పొద్దునా మాపటికీ ఒకే నెమ్మది ఉంటే అది మరుపు. పొద్దున బాగుండి మధ్యాహ్నం కూలబడితే అది ఆయాసం.

మరిచిపోయిన యంత్రం

అథ్లాన్ బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. సీఆర్ 2032, మూడు వోల్టులు. కంప్యూటర్ గడియారాన్నీ, బయాస్‌లో మనం పెట్టిన అమరికలనూ అదే కాపాడుతుంది. ప్లగ్గు గోడకు ఉన్నంతసేపు ఆ భారం కరెంటు మోస్తుంది, బ్యాటరీ మీద పడదు. పెట్టెను అటకెక్కిస్తే ప్రతి క్షణమూ బ్యాటరీయే మోయాలి. కొన్నేళ్లకు ఖాళీ అవుతుంది. అప్పుడు బోర్డు తన యజమాని పెట్టిన అమరికలను మరిచి, ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన భద్రమైన కనీసానికి దిగిపోతుంది. ఎవరు వచ్చి కూర్చున్నా పేలకుండా నడిచే తాళం ఆ బోర్డుకు 100. స్విచ్చు వేయగానే చెక్‌సమ్ తప్పిందని, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కమని నల్ల తెర మీద వచ్చే వాక్యం చెప్పేది ఈ సంగతే. ఏళ్ల తరబడి దాన్ని చదవకుండా ఎఫ్1 నొక్కుతూ పోయేవాళ్లను చాలామందిని చూశాను. తెర మూలన తేదీ 2003 జనవరి 1 అని చూపిస్తుంటే పట్టించుకోనివాళ్లనూ చూశాను.

మందు చిన్నదే. కొత్త బిళ్ల వేసి, డిలీట్ మీట నొక్కి బయాస్‌లోకి వెళ్లి, తాళాన్ని 166 చేయడం. కాకపోతే మూడు సంగతులు సరిచూసుకోకుండా చేయకూడదు. మొదటిది ర్యామ్. డీడీఆర్ 333 రకం కాకుండా పాత 266 ఉంటే ఆ తాళానికి తట్టుకోకపోవచ్చు. రెండోది బోర్డు. వయా కేటీ266ఏ వంటి పాత చిప్‌సెట్ల బోర్డులు 133 కోసం పుట్టినవి. వాటి మీద ఈ ప్రాసెసర్ 1466 దాటకపోవడం రోగం కాదు, హద్దు. మూడోది, కార్డులూ హార్డ్ డిస్కూ బోర్డుతో మాట్లాడే పీసీఐ దారి. 166ను ఐదుతో భాగించే ఏర్పాటు బోర్డుకు ఉంటే ఆ దారి తన 33 దగ్గరే నిలుస్తుంది. నాలుగుతోనే భాగించగలిగితే 41 దాటుతుంది. అప్పుడు హార్డ్ డిస్క్‌లో రాతలు చెడిపోవచ్చు. వేగం కోసం పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ పోగొట్టుకోవడం తెలివి కాదు. అదృష్టం కొద్దీ శక్కర్‌నగర్ పెట్టెలోది ఎన్‌ఫోర్స్2 బోర్డు. పీసీఐ దారిని తాళంతో పని లేకుండా విడిగా నిలబెడుతుంది. మార్చాను, లేచింది. 1833.

ఆయాసపడ్డ యంత్రం

పెంటియం సంగతి వేరు. పెట్టె పక్క తలుపు తీయగానే పసుపు వాసన కొట్టింది. ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుపోయింది, రంగు కూడా పసుపే. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ప్రాసెసర్ దాకా పోవడం లేదు.

ఇంటెల్ ఈ ప్రాసెసర్‌లో థర్మల్ మానిటర్ అనే కాపలావాడిని పెట్టింది. వేడి హద్దు దాటగానే వాడు తాళాన్ని మార్చడు, గుణకాన్ని మార్చడు. గడియారపు దెబ్బల్ని మధ్యమధ్యలో ఆపేస్తాడు. కాసేపు పని, కాసేపు ఊపిరి. అంకెలు 3000 అనే చూపిస్తాయి కానీ పని సగానికి పడిపోతుంది. తెర అబద్ధమాడినట్టు అనిపించింది ఇందుకే.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట ఒకటి ఉంది. ప్రెస్కాట్ కాలంలో ఇంటెల్ పెట్టె తయారీదారులకు ఇచ్చిన కొలత ప్రకారం గది 35 డిగ్రీలున్నప్పుడు పెట్టెలోని ప్రాసెసర్ ఫ్యానుకు అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదు. నిజామాబాద్‌లో మే నెల మధ్యాహ్నం బయట 44, 45 డిగ్రీలుంటుంది. రేకుల కప్పు కింద, గోనె సంచుల మధ్య, ఏసీ లేని అడ్తి దుకాణంలో 35 ఎక్కడిది? కాబట్టి పెట్టె మీద రాసిన 3.0 గిగాహెర్ట్జ్ అబద్ధం కాదు, మే నెల నిజామాబాద్‌కు రాసింది కాదు, అంతే. ప్రాసెసర్ వేగానికి కూడా ఊరూ కాలమూ ఉంటాయి.

మందు ఇక్కడా చిన్నదే, చేయి మాత్రం నేర్పుగలది కావాలి. బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి; ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరిగి పాడవకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన పేస్ట్ తుడిచి బియ్యపుగింజంత కొత్తది పెట్టాలి. 478 సాకెట్‌లో అసలు ప్రమాదం హీట్‌సింక్ తీసేటప్పుడే. గట్టిపడిన పేస్ట్ ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి పెకలించుకుని వస్తుంది, కాళ్లు వంగిపోతాయి. అందుకే ముందు కాసేపు యంత్రాన్ని నడిపి వేడెక్కించి, ఆపి ప్లగ్గు పీకి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసి తీయాలి. అథ్లాన్‌కు ప్రమాదం మరో రకం. దాని సిలికాన్ ముక్క పైన రేకు కప్పు ఉండదు. క్లిప్పు బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ జారినా, హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగినా మూల విరుగుతుంది. అంతటితో దాని కథ ముగిసినట్టే.

బోధన్ లెక్కలో ప్రాసెసర్

అథ్లాన్ బాగయ్యాక శక్కర్‌నగర్ పెద్దాయన తెర వైపు చూసి అడిగాడు: "పేరేమో 2500 అని ఉంది. నువ్వు బాగు చేసినా 1833 చూపిస్తుంది. గిదేం లెక్క బిడ్డా?"

చాలామంది అడిగే ప్రశ్నే. 2001 అక్టోబరులో అథ్లాన్ ఎక్స్‌పీ తెచ్చినప్పుడు ఏఎండీ అసలు మెగాహెర్ట్జ్‌ను పక్కన పెట్టి, పనితనానికి ఒక అంకె కట్టింది. తమ పాత అథ్లాన్‌తో పోల్చి కట్టామని చెప్పింది. బజారు మాత్రం దాన్ని పెంటియం 4తో పోలికగానే అర్థం చేసుకుంది. కంపెనీకీ కావలసింది అదేనేమో. ఇదంతా ఎట్లా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే ఆయనే అందుకున్నాడు.

"తొక్కుడు వేరు, ఎల్లుడు వేరు అన్నట్టు. గంటకెన్ని టన్నులు తొక్కినమన్నది కాదు. టన్నుకెంత శక్కర ఎల్లిందో చూడాలె."

ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి ఇంటికొచ్చిన మనిషి. ఈ రెండు ప్రాసెసర్ల మీద నేను చదివిన పేజీలన్నిటికన్నా ఆ ఒక్క మాట సూటిగా ఉంది. చెరకు పండించే పల్లెల్లో క్రషింగ్, రికవరీ అన్న రెండు మాటలూ పసిపిల్లలకూ తెలుసు. ఒకటి ఎంత చెరకు నలిగిందన్న లెక్క, రెండోది అందులోంచి ఎంత పంచదార దిగిందన్న లెక్క. చెరకుకు 2009 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎఫ్‌ఆర్‌పీ, అంటే న్యాయమైన గిట్టుబాటు ధర కూడా రికవరీకే ముడిపడి ఉంటుంది. మెగాహెర్ట్జ్ అంటే క్రషింగ్. ఒక్కో గడియారపు దెబ్బకు జరిగే పని రికవరీ.

ఈ కొలతతో చూస్తే రెండు కంపెనీల స్వభావాలు బయటపడతాయి. 2000 నవంబరులో వచ్చిన పెంటియం 4 క్రషింగ్ మీద మోజుపడిన గానుగ. పనిని చిన్నచిన్న ముక్కలు చేసి 20 మెట్ల వరుసలో నడిపింది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్‌లో ఆ మెట్లు 31 అయ్యాయి. మెట్టు చిన్నదైతే వేగంగా తొక్కవచ్చు. కానీ ప్రోగ్రామ్ ఏ దారిన పోతుందో ప్రాసెసర్ ముందే ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పిందంటే వరుసలో ఉన్నదంతా పారబోసి మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. వరుస ఎంత పొడవైతే నష్టం అంత. పిప్పిలోనే రసం మిగిలిపోవడం అంటే ఇదే. అథ్లాన్ వరుస 10 మెట్లదే. మెల్లగా తొక్కుతుంది, పిప్పి పొడిగా వస్తుంది.

కరెంటు లెక్క చూసినా అంతే. ప్రెస్కాట్ 3.0కు కట్టిన వేడి లెక్క 89 వాట్లు, అథ్లాన్ 2500 ప్లస్‌ది 68. ఎక్కువ తొక్కడానికి ఎక్కువ కాల్చాలి, కాల్చినకొద్దీ ఆయాసం. అడ్తి దుకాణంలో చూసిన రోగం దుమ్ముతో వచ్చిందన్నది నిజమే. దుమ్ముకు అంత బలమిచ్చింది మాత్రం ఆ ప్రాసెసర్ గీత గీసినవాళ్లే. 10 గిగాహెర్ట్జ్ దాకా పోతుందని చెప్పుకున్న ఆ వంశం 3.8 దగ్గర ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను 2004 అక్టోబరులో ఇంటెల్ విరమించుకుంది. అప్పటి ఆ సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభావేదిక మీద మోకాళ్ల మీద నిలబడి మన్నించమన్నాడు.

అట్లాగని అథ్లాన్‌ను అందలమెక్కించలేను. 2500 ప్లస్ అన్న అంకెలో వ్యాపారం పాలు లేకపోలేదు. ప్రాసెసర్‌నూ బోర్డునూ కలిపే దారి (బస్) వేగం 800కు పెరిగిన పెంటియాలు వచ్చాక, వీడియో ఎన్‌కోడింగ్ వంటి పనుల్లో ఆ పోలిక నిలవలేదు. ఎస్‌ఎస్‌ఈ2 ఆదేశాలు అథ్లాన్ ఎక్స్‌పీకి తెలియవు; నేటి బ్రౌజర్లు అవి లేకుండా లేవవు. బాగు చేసినా మనవడికి ఇంటర్నెట్ చూపించలేదు. పేజ్‌మేకర్‌కు, తాతగారి పాత ఫొటోలకు చాలు. పెంటియం 4కు ఆ ఆదేశాలు పుట్టుకతోనే వచ్చాయి.

చెడినప్పుడు ఎవరు మేలు

నడిచినప్పుడు ఎంత నడిచిందన్నది యంత్రానికి ఒక పరీక్షే. చెడినప్పుడు ఎట్లా చెడిందన్నది అంతకన్నా పెద్ద పరీక్ష. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు ఒక కంప్యూటర్ ఆట నడుస్తుండగా ప్రాసెసర్ల మీది హీట్‌సింక్ పీకి చూశారు. అప్పటి అథ్లాన్లు పొగచిమ్మి మాడిపోయాయి. పెంటియం 4 ఆటను నత్తనడకకు దించింది కానీ ఆపలేదు. హీట్‌సింక్ తిరిగి పెట్టగానే మామూలైంది. తర్వాతి అథ్లాన్లలో వేడిని కొలిచే డయోడ్ ఉన్నా, దాన్ని చూసి కరెంటు ఆపాల్సిన పని బోర్డుదే. బోర్డు చేసినవాడు ఏమారితే కాపాడే దిక్కు లేదు.

కాబట్టి నా తీర్పు రెండుగా చీలుతుంది. పనితనంలో అథ్లాన్‌ది పైచేయి: తక్కువ తొక్కి ఎక్కువ పిండింది. దాని రోగం కూడా కళ్లకు కనిపించేది, యాభై రూపాయల బిళ్లతో కుదిరేది. నడవడికలో పెంటియానిది పైచేయి: మే నెల మధ్యాహ్నం అడ్తి దుకాణంలో అది మెల్లగా నడిచింది కాబట్టే ఇన్ని సీజన్ల లెక్కలు ఆగకుండా సాగాయి. అదే చోట అదే కంబళి కింద అథ్లాన్ ఉంటే ఈపాటికి మాడిపోయి ఉండేదేమో. పెంటియం తప్పు మెల్లగా నడవడం కాదు, అట్లా నడుస్తున్నానని చెప్పకపోవడం.

2006 జూలైలో వచ్చిన కోర్ 2 ఈ రెండు గుణాలనూ ఒకచోటికి తెచ్చింది. ఇంటెల్ తన పొడవాటి వరుసను వదిలి 14 మెట్లకు దిగి, 2.4 దగ్గరే పాత 3.6ను దాటించింది. వేడెక్కితే తగ్గే గుణం అట్లాగే ఉంచింది. పని లేనప్పుడు తానే 1.6కు దిగి కునుకు తీసే గుణాన్నీ ఇచ్చింది. ఇప్పుడు ఆ తరం కంప్యూటర్లతో వచ్చేవాళ్లలో చాలామంది ఈ కునుకు చూసే కంగారుపడుతున్నారు: 2.4 అని కొంటే 1.6 చూపిస్తుందేమని. ఏదైనా బరువైన పని అప్పజెప్పి మళ్లీ చూడండి, 2.4కు లేస్తుంది. అది మరుపూ కాదు, ఆయాసమూ కాదు. దానికి మందు వేయకండి.

2003 జనవరి 1

పెంటియం తిరిగి యార్డుకు పోయింది. ప్రతి సీజన్ ముగిశాక ఒకసారి దుమ్ము దులపమని, గోడకు ఆనించి పెట్టవద్దని చెప్పి పంపాను. అథ్లాన్‌ను నేనే బోధన్ తీసుకెళ్లాను. ఎడపల్లి దాటాక రోడ్డుకు ఇరువైపులా చెరకు కోసం కళ్లు వెతికాయి. ఎక్కువగా కనిపించినవి కోసిన వరిమళ్లు.

1931లో నిజాంసాగర్ జలాశయం పూర్తయ్యాక, ఆ నీటిని చూసి 1937లో ఇక్కడ నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఆగిపోయింది. ఆ గేటు ముందు నుంచి వెళ్తుంటే అటకెక్కిన పెట్టె గుర్తుకొచ్చింది. వెంటనే నా పోలికను నేనే తోసేసుకున్నాను. ప్లగ్గు పీకిన కంప్యూటర్ తన అమరికలనే మరిచిపోతుంది, సిలికాన్ అలాగే ఉంటుంది. ఆగిన ఫ్యాక్టరీలో రోలర్లు తుప్పు పడతాయి, పనివాళ్లు చెదిరిపోతారు, రైతు వరికి మళ్లుతాడు. దానికి రూపాయి బిళ్లంత మందు లేదు. ప్రతి ఎన్నికకూ తెరిపిస్తామనే మాట వినీ వినీ ఊరికి ఆ సంగతి తెలిసిపోయింది.

పెద్దాయన ఇంట్లో పెట్టె దించి స్విచ్చు వేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కానీ తేదీ మార్చడం మరిచాను. తెర మూలన ఇంకా 2003 జనవరి 1 అనే ఉంది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని దాన్ని చాలాసేపు చూశాడు. జనవరి అంటే గానుగాట నడిమి నెల.

సరిచేద్దామని మౌస్ పట్టుకున్నాను.

"తేదీతోటి దాని నడకకేమన్న ఫరకు పడ్తదా?" అని అడిగాడు.

పడదన్నాను.

"అయితే గట్లనే ఉండనియ్యరాదు బిడ్డా."